పేరు సందు

పోయిన వారం రంగనాథ్‌ను గచ్చిబౌలిలో, టైల్స్ దుకాణం పైన రెండో అంతస్తులో, తన హాలు గుమ్మం దగ్గర వదిలి వచ్చాం. సకల జనుల సమ్మె మొదలై ఆ శుక్రవారానికి పద్దెనిమిది రోజులు. రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లేదు. ఆదివారం కచేరీకి మధ్యలో ఒక్క రోజే ఉంది. రంగనాథ్ స్థాపించిన 'నేటి సంగీతం' సంస్థకు పదహారేళ్లు నిండిన సందర్భంగా, ఆయనకు పేరు తెచ్చిన 'విరామం' ఆ రోజు మళ్లీ వాయించాలి. ఆ సాధన చప్పుడు కిటికీలోంచి రోడ్డు అవతల ఉన్న సమ్మె డేరా దాకా పోయింది. డేరాలోంచి ఒకామె లేచి, రోడ్డు దాటి, ముప్పై ఆరు మెట్లెక్కి వచ్చింది. చీర మీద కండక్టర్ల ఖాకీ కోటు ఉంది. "పెంటయ్య బిడ్డను, భూలక్ష్మిని," అంది. తర్వాత ఒకే మాట అడిగింది.

"సారూ, దెబ్బల నడుమ గా సందుల మా నాయిన పేరుండె. ఏడ వోయింది?"

 రంగనాథ్ వెనక్కి తిరిగి హాల్లోకి చూశాడు. నవ్య వయొలిన్ తీగ సవరించుకుంటోంది. వినయ్ కంజీర చర్మానికి నీళ్లు రాస్తున్నాడు. ఇద్దరూ ఇక్కడి ఐటీ కంపెనీల్లో ఉద్యోగులు, నాలుగేళ్లుగా ఆయన శిష్యులు. వాళ్లు ఈ మాట వినలేదని రూఢి చేసుకున్నాకే, "లోపలికి రామ్మా," అని ఆమెను పక్కగదిలోకి తీసుకుపోయాడు. అరవై మూడేళ్ల మనిషి ఆ మధ్యాహ్నం చేసిన మొదటి పని తలుపు వేయడం.

"కూర్చోమ్మా."

"కూసుంట గని, తలుపెందుకేసినవ్? ఫ్యానన్న తిరుగుతలేదు."

"కరెంటు లేదు. నాలుగింటికి వస్తుంది."

"అవును, బొగ్గు బాయిలోళ్లు గూడ సమ్మెలున్నరు గద," అని ఆమె కుర్చీలో కూర్చుంది. గది చుట్టూ చూసింది. గోడ వెంట చెక్క అరలు. వాటిలో కాగితాల కట్టలు, క్యాసెట్లు, పెద్ద చక్రాల టేపులు. బల్ల మీద టేపు యంత్రం, దాని మీద తువ్వాలు కప్పి ఉంది.

"ఆరేండ్ల సంది ఇదే రూట్ల నా డ్యూటీ," అంది. "దినాం మీ బోర్డు సూస్త. 'నేటి సంగీతం'. కింద ఇంకో లైనున్నది. సదివి సదివి నోటికొచ్చింది. 'సంగీతం కట్టినవారి పేరు ముందు, పాట తర్వాత'. ఎవరో మంచి సారు లెక్కున్నడు, పని జేసినోళ్ల పేరు జెప్తుండు అనుకునేదాన్ని. నువ్వే అని ఇయ్యాల ఎరికైంది."

ఆ లైను రంగనాథ్ రాయించిందే. దాని కోసం ఆయన చాలా మందితో తగాదా పడ్డాడు. నగరంలోని సభల్లో ఎప్పుడూ పోయినవాళ్ల కృతులే పాడతారని, బతికి ఉండి కొత్తగా సంగీతం కడుతున్నవాళ్లను ఎవరూ పట్టించుకోరని ఆయన ఫిర్యాదు. తను పెట్టిన సంస్థలో రెండు నియమాలు రాశాడు. వాయించేది బతికున్నవాళ్ల సంగీతమే కావాలి. వాయించే ముందు వేదిక మీద వాళ్ల పేరు గట్టిగా చెప్పాలి. పదహారేళ్లలో డెబ్బై ఇద్దరి కొత్త రచనలు ఆయన వాయింపించాడు. వాళ్లలో బడి పంతుళ్లున్నారు, బ్యాంకు గుమాస్తాలున్నారు, ఒక రైల్వే గార్డు ఉన్నాడు. ఆ హాల్లో తమ పేరు మైకులో విని కళ్లు తుడుచుకున్నవాళ్లను ఆయన చూశాడు.

"నీకప్పుడు ఎన్నేళ్లు?" అని అడిగాడు.

"పదమూడు. దప్పు కాపింది నేనే గద. యాదికి లేదా?"

యాదికి ఉంది. పద్దెనిమిదేళ్ల కిందటి మాట. రంగనాథ్ అప్పుడు బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్. అనంతపురం నుంచి వచ్చి పదేళ్లయింది. పగలు యంత్రాల బొమ్మలు గీసి, సాయంత్రం ఇంట్లో సంగీతం రాసుకునేవాడు. పెంటయ్య అదే ఫ్యాక్టరీ గేటు దగ్గర హమాలీ. లేత్ మీద పనిచేసే ఒకాయన చనిపోతే అందరితో పాటు రంగనాథ్ కూడా సాగనంపడానికి వెళ్లాడు. పాడె ముందు పెంటయ్య డప్పు కొడుతున్నాడు. దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. అక్కడ దెబ్బ మారింది. తొమ్మిది దెబ్బలు, తర్వాత ఏమీ లేదు. ఆ సందులో కొడుకు వంగి తండ్రి చెవిలో పేరు పెట్టి పిలిచాడు. మళ్లీ తొమ్మిది. మళ్లీ పిలుపు. మూడుసార్లు పిలిచి, పలకకపోతే ఎత్తుకుని పోయారు. రంగనాథ్ ఇంటికి వచ్చి ఆ రోజు అన్నం తినలేదు. చావు చూసినందుకు కాదు. ఆ తొమ్మిది దెబ్బలు, ఆ సందు.

నెల తర్వాత ఆ దెబ్బను టేపు మీద పట్టడానికి పెంటయ్యను ఇంటికి రమ్మన్నాడు. తల్లి ఓబులమ్మ లోపలికి రానివ్వనంది. రంగనాథ్ ఆమెతో వాదించలేదు, మైకునే వరండాలోకి తెచ్చాడు. భూలక్ష్మి వాకిట్లో పాత పేపర్లు మండించి డప్పు కాపింది. పొగకు ఓబులమ్మ కిటికీ మూసుకుంది.

"ఆ దినం మా నాయిన కొట్టనన్నడు," అంది భూలక్ష్మి. "ఎవ్వరు సావకుంట దింపుడు కళ్లం దెబ్బ కొట్టొద్దు సారూ అన్నడు. నువ్వు బతిమాలినవ్. కళ కోసం పెంటయ్యా అన్నవ్. ఆఖరికి ఒప్పుకున్నడు. కొడితే పేరుండాలె అన్నడు. వేరేటోళ్ల పేరు పిలువనీకె మనసు రాలే. ఆయన పేరే ఆయన పిలుసుకున్నడు. మూడుసార్లు. ఇంటికొచ్చినంక మా అమ్మ ఎన్ని తిట్లు తిట్టిందో నీకేమెరుక."

రంగనాథ్ తల ఊపాడు.

"మరి ఇయ్యాల ఇంటే అన్నీ ఉన్నయి. తొమ్మిది దెబ్బలున్నయి. సందున్నది. పేరు లేదు."

"టేపు చాలా పాతదమ్మా. చెడిపోయింది."

"టేపు సంగతి నేనడిగిన్నా?"

 కిటికీ అవతల డేరాలో ఎవరో పాట ఎత్తుకున్నారు, మిగతావాళ్లు అందుకున్నారు. బస్సులు లేని రోడ్డు మీద ఆ పాట అడ్డం లేకుండా వచ్చింది.

"కోసినవా?" అని అడిగింది భూలక్ష్మి.

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఆయన పద్దెనిమిదేళ్లు ఎదురుచూశాడు. పుణె నుంచి వచ్చిన విద్వాంసుడు అడుగుతాడనుకున్నాడు. మద్రాసులో సమీక్ష రాసినాయన అడుగుతాడనుకున్నాడు. 'విరామం'లోని ఖాళీలు మూడూ మూడు కొలతల్లో ఉన్నాయని, ఆ తేడాలోనే రచయిత ప్రతిభ ఉందని ఆ సమీక్షకుడు రాశాడు. ఒక అమ్మాయి ఆ ఖాళీల మీద యూనివర్సిటీలో పరిశోధన చేసింది. వాళ్లెవరికీ తట్టనిది ఈ కండక్టరుకు ఒక్కసారి వినగానే తట్టింది.

"కోసినాను," అన్నాడు.

అప్పటి పద్ధతి అదే. టేపును అల్యూమినియం పట్టీ మీద పరిచి, గడ్డం గీసుకునే బ్లేడుతో ఏటవాలుగా కోసి, అక్కర్లేని ముక్క తీసేసి, అంతే పొడవు తెల్ల టేపు అతికించాలి. తెల్ల టేపులో చప్పుడు ఉండదు. ఒక ఆదివారం ఓబులమ్మ భోజనం చేసి పడుకున్నాక ఆయన కూర్చుని ఆ పని చేశాడు. తన రచనను ఒక పోటీకి పంపదలిచాడు, అది సొంతదై ఉండాలని నిబంధన. డప్పు ఎవరిదైనా కావచ్చు, దెబ్బ ఊరందరిదీ అని సర్దుకోగలిగాడు. కానీ తన పేరు తానే పిలుచుకుంటున్న మనిషి గొంతు టేపులో ఉంటే అది ఆ మనిషిదే అవుతుంది. చప్పుడు శుభ్రం చేస్తున్నాను అనుకున్నాడు. ఆ మాటే అనుకున్నాడు, శుభ్రం అని. తర్వాత కచేరీకి డప్పు బాగుండదని దాన్ని కంజీరకు మార్చాడు. టేపుతో ఇక పని లేకపోయింది.

"కోసినయి పారేసినవా?"

ఆయన లేచి పై అరలోంచి బిస్కెట్ డబ్బా తీశాడు. మూత మీద తన చేతిరాతే, 'వి – మిగులు'. లోపల మూడు టేపు ముక్కలు. ఒక్కోటి మూరకు అటూ ఇటూ. చివర్లలో పెన్సిల్‌తో ఒకటి, రెండు, మూడు అని అంకెలు. ఇల్లు నాలుగుసార్లు మారాడు. ప్రతిసారీ ఈ డబ్బాను లారీ ఎక్కించకుండా చేత్తో పట్టుకుని వెళ్లాడు.

భూలక్ష్మి మూడో ముక్క తీసి కిటికీ వెలుగుకు పట్టింది.

"దీంట్ల ఏమన్న కనవడతదా?"

"కనబడదమ్మా. యంత్రంలో పెడితేనే వినబడుతుంది."

"మరి పెట్టు."

"కరెంటు లేదు గదా."

ఆమె నవ్వింది. "మంచిగ కుదిరింది నీకు." ముక్కను మళ్లీ డబ్బాలో పెట్టింది. "ఇది జర పొడుగున్నది."

"మూడోసారి ఎక్కువసేపు పిలిచినాడు."

"పిలుస్తరు. మొదటిసారి ఇంటడేమో అని పిలుస్తరు. మూడోసారికి ఇగ ఇనడని ఎరికైతది. ఇడవబుద్ధి గాదు."

మద్రాసు సమీక్షకుడు మూడు కాలమ్‌లలో రాసిన దానికి ఇంతకన్నా అర్థం లేదని రంగనాథ్‌కు అనిపించింది. ఈ అర్థం తనకూ తెలుసు. అనంతపురంలో తన తండ్రి చెవిలో తనే పిలిచాడు.

"నిజంగా చెప్తున్నా భూలక్ష్మీ," అన్నాడు. "చెప్పేద్దామని చాలాసార్లు అనుకుంటి. ఫ్యాక్టరీ మూసేసినప్పుడు ప్యూను కనబడి, పెంటయ్య పోయినాడంట సార్ అన్నాడు. పోయినాయన పేరు ఇప్పుడెందుకులే, మన దాంట్లో బతికున్నవాళ్ల పేరే గదా చెప్పేది అనుకుంటి."

"ఏ పెంటయ్య?"

రంగనాథ్ డబ్బా మూత పెట్టబోయి ఆమె వైపు చూశాడు.

"ఫ్యాక్టరీల ముగ్గురు పెంటయ్యలుండిరి. గేటు పెంటయ్య, బాయిలర్ పెంటయ్య, క్యాంటీన్ పెంటయ్య. వోయింది క్యాంటీన్ పెంటయ్య. నువ్వడగలే?"

అడగలేదు. ప్యూను ఆ మాట చెప్పిన చోటు ఆయనకు గుర్తుంది. ఫ్యాక్టరీ ముందు టీ బండి దగ్గర. అయ్యో అన్నాడు. రెండో టీ చెప్పాడు. ఆ రెండో టీ తాగుతున్నప్పుడు భుజాల మీది బరువు దిగినట్టయింది. ఆ సుఖం పోతుందేమోనని ఏ పెంటయ్య అని అడగలేదు.

"మా నాయినకు డెబ్బై మూడు," అంది ఆమె. "శేరిలింగంపల్లిలనే ఉన్నడు. ఈడికి ఆటోల పావుగంట. శేరిలింగంపల్లి ఏమన్న ఢిల్లీల ఉన్నదా సారూ?"

"లేదమ్మా."

"పది దినాల సంది దినాం డేరా కాడికి వస్తుండు. కూసున్నోళ్లకు ఊపు రావాలని దప్పు కొడుతడు. ఇందాక మీ కిటికీల కెళ్లి ఇది ఇనవడ్డది. కొట్టేది ఆపి ఇన్నడు. సందు ఖాళీగ వోయేసరికి నా దిక్కు సూసిండు. 'నేను పిలిచిన గద బిడ్డా' అన్నడు. అంతే అన్నడు. ఎనిమిదేండ్లాయె, మా అమ్మ పోయిన్నాడు గూడ ఆ మొకం అట్ల సూడలే."

"ఆయన ఏం కావాలన్నాడు?"

"ఆయన ఏమడుగుతడు? పంపింది ఆయన గాదు, నేనే వొచ్చిన. పైసలకొచ్చిన అనుకునేవు, ఆ ఫికర్ వెట్టుకోకు. నీ బోర్డు మీద రాసిందే అడుగుతున్న. ఐతారం నాడు పాట ముందు మా నాయిన పేరు జెప్పు. ఇది కట్టింది పెంటయ్య, దీన్ని పెద్దగ జేసింది నేను అని జెప్పు. ఆయన ముందట కూసుని ఇంటడు."

రెండు వాక్యాలు. చెప్పడానికి పది క్షణాలు పట్టదు. రంగనాథ్ ఆ పది క్షణాల తర్వాత ఏమవుతుందో చూస్తున్నాడు. డెబ్బై ఇద్దరు రచయితల్లో సగం మంది వస్తారు. పేపరు వాళ్లు వస్తారు. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. వాళ్లు అడగకపోయినా ఒక మనిషి తప్పకుండా అడగాలి. ఆమె పేరు సుష్మ.

ఐదేళ్ల కిందట సుష్మ ఇక్కడ తన మొదటి రచన వాయించింది. అందులో నాలుగు వరసలు వాళ్ల అవ్వ పాడే జోలపాటలోవి. కాగితం మీద అవ్వ పేరు రాయలేదు. మరిచిపోయానంది. రంగనాథ్ సాధన మధ్యలో ఆపించి, అందరి ముందు, "దీన్ని దొంగతనం అంటారమ్మా," అన్నాడు. కార్యక్రమంలోంచి ఆమె రచన తీసేశాడు. ఆమె మళ్లీ మెట్లెక్కలేదు. సంగీతం మానేసిందని నవ్య ఒకసారి చెప్పింది. ఆ రోజు సుష్మను అంటున్నప్పుడు బిస్కెట్ డబ్బా ఇదే అరలో ఉంది. ఆ మాట ఎంత గట్టిగా అన్నాడో తలుచుకుంటే, ఎవరికి వినబడాలని అన్నాడో ఇప్పుడు తెలుస్తోంది.

"జర ఆలోచించుకోనీ భూలక్ష్మీ," అన్నాడు.

"ఆలోచన జేయనీకె పద్దెనిమిదేండ్లు సాలలేదా?"

"కార్యక్రమం కాగితాలు అచ్చయిపోయినాయి. సోమవారం నేనే ఇంటికి వచ్చి మీ నాయినను కలిసి..."

"సోమారం ఎందుకు? కింద డేరాలనే ఉన్నడు గద. ముప్పై అడుగుల రోడ్డు. ఇప్పుడే రా."

తలుపు మీద ఎవరో తట్టారు. నవ్య తల లోపలికి పెట్టింది. "సర్, స్టార్ట్ చేద్దామా? నాలుగింటికి నాకు క్లయింట్ కాల్ ఉంది. వినయ్ కూడా వెళ్లాలంట." భూలక్ష్మిని చూసి, "సారీ ఆంటీ," అంది.

రంగనాథ్ లేచాడు. "ఒక్కసారి వాయించి పంపించేసి వస్తాను. కూర్చో," అన్నాడు. తలుపు ఈసారి వేయలేదు. డబ్బా బల్ల మీదే ఉంది.

వినయ్ కంజీర ఎత్తాడు. నవ్య విల్లు తీగ మీద పెట్టింది. కరెంటు లేదు కాబట్టి కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. డేరాలో పాట ఆగింది, భోజనాల తర్వాతి విశ్రాంతి కాబోలు. మొదటి తొమ్మిది దెబ్బలు వినయ్ సరిగ్గా వేశాడు. ఆపాడు. నవ్య లోలోపల లెక్కపెట్టుకుంటోందని ఆమె గడ్డం కదలిక చెబుతోంది.

ఆ ఖాళీలో, రోడ్డు అవతలి నుంచి, ఒక గొంతు వచ్చింది.

"పెంటయ్యా."

వినయ్ కళ్లెత్తాడు, చెయ్యి మాత్రం ఆపలేదు. మళ్లీ తొమ్మిది. ఖాళీ. గొంతు ఈసారి కొంచెం సాగింది.

"పెంటయ్యా..."

మూడోసారి తొమ్మిది దెబ్బలు పడ్డాయి. మూడో పిలుపు ఖాళీ అంతా నిండి, సరిగ్గా వినయ్ వేలు చర్మాన్ని తాకే ముందు ఆగింది. మధ్యలో ఒక చోట ఊపిరి అందక తెగి, మళ్లీ అందుకుంది.

వినయ్ కంజీర కింద పెట్టాడు. "సర్, ఆ పెద్దాయన ఎవరో గానీ మనకంటే కరెక్ట్‌గా ఉన్నాడు. ఆదివారం నన్ను తీసేసి ఆయన్ను పెట్టుకోండి."

నవ్య నవ్వలేదు. కిటికీ వైపే చూస్తోంది. "నాలుగేళ్లుగా అడుగుతున్నాను సర్, ఈ గ్యాప్‌లు మూడూ ఎందుకు ఒక్కలా ఉండవని. మీరు లెక్కపెట్టొద్దు, ఊపిరి పీల్చు అనేవాళ్లు. ఇవి పేరు పట్టేంత ఉన్నాయి సర్. కొలిచినట్టు పేరు పట్టేంత." ఆయన వైపు తిరిగింది. "పెంటయ్య ఎవరు సర్?"

అడిగింది నవ్య. విన్నది వినయ్. ఇద్దరే. ఆదివారం నాటి జనం లేరు, పేపరు వాళ్లు లేరు. ఇంతకన్నా చిన్న చోటు దొరకదని రంగనాథ్‌కు తెలుసు.

"తెలీదమ్మా," అన్నాడు. "డేరాలో ఎవరో ఎవరినో పిలుస్తా ఉండారు."

అనేశాక పక్కగది వైపు చూశాడు. గుమ్మంలో భూలక్ష్మి నిలబడి ఉంది. చేతిలో బిస్కెట్ డబ్బా.  హాలు మధ్యలోంచి నడిచి, చెప్పులు వేసుకుని, మెట్లు దిగిపోయింది.

రంగనాథ్ కిటికీ దగ్గరికి వచ్చాడు. ఆమె రోడ్డు దాటింది. డేరాలో మైకు ఉంది, జనరేటరు ఉంది. ఆమె నేరుగా మైకు దగ్గరికి పోయి దాని మీద వేలితో రెండుసార్లు తట్టింది. కూర్చున్నవాళ్లు తలలు తిప్పారు. అప్పుడు డేరా అంచున కూర్చున్న ఒక ముసలాయన చెయ్యెత్తాడు. డప్పు పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులాన్చి లేచాడు. బిడ్డ దగ్గరికి వచ్చి మైకును అరచేత్తో మూశాడు. ఏదో చెప్పాడు. ఆమె వద్దంది. ఆయన ఆమె చేతిలోంచి డబ్బా తీసుకుని, తల ఎత్తి, రెండో అంతస్తు కిటికీని వెతుక్కుని చూశాడు. ఆఫీసు కారొకటి పోనిచ్చి, ఒక్కడే రోడ్డు మీదికి దిగాడు.

"సర్," అంది నవ్య, "ఆయన ఇక్కడికే వస్తున్నాడు."

ఆ మెట్లు తొమ్మిదేసి చొప్పున నాలుగు వరసలు. మధ్యలో మూడు మలుపులు. పన్నెండేళ్లుగా ఎక్కి దిగుతున్నా రంగనాథ్ వాటిని ఏనాడూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు కింది నుంచి చెప్పుల చప్పుడు ఒక్కో మెట్టే వస్తుంటే లెక్కపెట్టాడు. తొమ్మిది దగ్గర చప్పుడు ఆగింది. ముసలి మనిషి మలుపులో ఊపిరి తీసుకుంటున్నాడు.  రంగనాథ్ నోరు తెరిచాడు. మూశాడు. చప్పుడు మళ్లీ మొదలైంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఆగింది. ఆ సందు కూడా పేరు లేకుండా ఖాళీగానే పోయింది.

నవ్య ఆయన ముఖంలోకి చూస్తోంది. చప్పుడు మూడోసారి మొదలైంది.